వదిన ఇచ్చిన కీ

సోమవారం పొద్దున మరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. పని అప్పగించాలో లేదో తేల్చుకోడానికి పన్నెండింటికి జంతువుల ఆసుపత్రి డాక్టరుగారు వచ్చేలోగా, కుక్కలకీ పిల్లులకీ టీకా తేదీ గుర్తుచేసే వెబ్‌సైట్‌ను ఒకసారి నడిపి చూసుకోవాలి. ఆ తర్వాత చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఆ వెబ్‌సైట్ తయారుచేసిన చిన్న కంపెనీ వాళ్లింటి మేడ మీదే రెండు గదుల్లో నడుస్తుంది, అది వాళ్ల వదినది. అతను చేరి మూడు నెలలైంది. వదిన కింద పనిచేస్తున్నాడు కాబట్టి ఆఫీసులో అందరికీ అతను మరిదిగారే.

ఆ వెబ్‌సైట్ నుంచి ఫోన్లకు మెసేజీలు వెళ్లాలంటే ఒక రహస్యపు కీ కావాలి. చూడడానికి అక్షరాలూ అంకెలూ కలగలిపిన పొడవాటి వరుస. దాని విషయంలో వదినది ఒకటే మాట.

"కీని కోడ్‌లో రాయకు. విడిగా ఓ ఫైల్లో పెట్టుకో. ఆ ఫైలు నీ కంప్యూటరు గడప దాటకూడదు. అందరూ చూసే చోట కీ లేని ఖాళీ నమూనా ఉంటే చాలు."

ఆవిడ ఈ మాట పదిసార్లు చెప్పినా పదకొండోసారి కూడా గొంతు పెంచలేదు. ఆ పొద్దున ఆవిడ బయటికి వెళ్లింది. పది నిమిషాల ముచ్చటకి వేరే ఫైలెందుకు, ఇది నా కంప్యూటరేగా అనుకుని మరిది కీని తిన్నగా కోడ్‌లోనే రాసేశాడు. వెబ్‌సైట్ నల్లేరు మీద బండిలా నడిచింది. ఆ సంబరంలో కోడ్ మొత్తాన్ని, కోడ్‌లు దాచుకునే ఆన్‌లైన్ స్టోర్లోకి ఎక్కించేశాడు. దారినపోయే దానయ్య కూడా తెరిచి చూడగల స్టోరు అది.

చేసిన పని కాసేపటికి బుర్రకెక్కింది. ఆ వరుస చెరిపేసి మళ్లీ ఎక్కించాడు. కానీ ఆ స్టోరు పాత ప్రతులన్నీ దాచుకుంటుంది, చెరిపినవి కూడా. స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"కీ బయట పడిపోయిందిరా. ఎవడి చేతిలో పడిందో ఏమో. వదినకి తెలిసేలోగా మార్చేయాలి."

ఆరిన బట్టలు తీసుకుని మెట్లు దిగుతున్న అమ్మ చెవిన పడ్డవి ఈ మూడు ముక్కలే. కొడుకు పరువు కాపాడాలని ఆవిడ బట్టలు అక్కడే పెట్టి, వీధి చివర తాళాలు బాగుచేసే అతని దగ్గరికి పరుగు తీసింది.

మేడ మీద, ఫోన్లో స్నేహితుడు, "ముందు ఆ కీ ఇంకా పనిచేస్తోందేమో చూడరా" అన్నాడు. ఒక్క మెసేజీ పంపబోయాడు మరిది. కంగారులో టీకా బదులు ఆపరేషన్ మెసేజీని ఎంచి, 'అందరికీ' అన్న మీట నొక్కేశాడు. జాబితాలో ఉన్న రెండువందల నలభైమందికీ వెళ్లిపోయింది: 'మీ పెంపుడు ప్రాణికి ఈ రోజే ఆపరేషన్. ఖాళీ కడుపుతో తీసుకురండి.'

పరుగున కిందికి దిగితే, వీధి తలుపుకి తాళం ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం కనిపించింది.

"నోరెత్తకు. వదిన వచ్చేలోగా మార్పించేస్తున్నా," అంది అమ్మ రహస్యంగా.

"అమ్మా, అది ఈ కీ కాదే."

"ఏదైతేనేం. పోయినప్పుడు అన్నీ మార్చడమే మంచిది."

"పెరటి తలుపుక్కూడానా అమ్మా?" అని అడిగాడు తాళాలతను ఆశగా.

అప్పుడే వదినా డాక్టరుగారూ కలిసి గేటు తీశారు. డాక్టరుగారు కన్నంలోంచి లోపలికి చూసి, "దొంగలు పడ్డారా?" అన్నాడు.

"పడకముందే జాగ్రత్త పడుతున్నామండీ," అంది అమ్మ.

"ఇలాంటి ఇంటికే పని అప్పగించాలి," అన్నాడాయన తృప్తిగా.

మరిది ఊరుకుంటే గండం గడిచేది. కానీ రెండువందల నలభై ప్రాణులు ఆకలితో ఆసుపత్రి ముందు నిలబడ్డట్టు అతనికి కళ్లకు కట్టింది. కోడ్‌లో కీ రాయడం దగ్గర్నుంచి మెసేజీల దాకా అంతా చెప్పేశాడు. డాక్టరుగారి మొహం మాడిపోయింది.

"ఆ నంబర్లు నన్ను నమ్మి ఇచ్చినవి బాబూ."

వదిన సంచిలోంచి ఫోన్ తీసి ఆయన చేతికిచ్చింది.

"చూడండి. ఇందాకట్నుంచి గిలగిల్లాడుతోంది. రెండువందల నలభై ఆపరేషన్లూ నాకే."

"అదేంటి వదినా?"

"నీకిచ్చింది సాధన కీ. దాంతో ఎవరికి పంపినా నాకే వస్తుంది. ఆ నంబర్లు కూడా నేను కల్పించినవే. నువ్వు స్టోర్లో ఎక్కించగానే నాకు హెచ్చరిక వచ్చింది. ఇప్పుడే, వీధి మలుపులో ఆ కీని రద్దు చేశాను."

"నేను తప్పు చేస్తానని ముందే తెలుసా?"

"కొత్తలో నేనూ ఇలాగే ఎక్కించాను. నేనెక్కించింది అసలు కీ. అందరూ చేసే తప్పే. కానీ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు నేను. నువ్వు గంటలో చెప్పావు," అంది.

ఇన్నాళ్లూ మరిది వదినది చాదస్తమనుకున్నాడు. తను పడబోయే గోతిలో ఆవిడ ముందే పరుపు వేసి ఉంచిందని ఇప్పుడు అర్థమైంది.

డాక్టరుగారు ఫోన్ తిరిగిచ్చి, పని వీళ్లకే ఇస్తానన్నాడు. అది ఈ అబ్బాయే చెయ్యాలన్నాడు. మరిది మేడెక్కి, నలిగిన చొక్కాతోనే, కీ కోసం విడిగా ఫైలు తెరిచాడు.

కింద అమ్మ కొత్త తాళంచెవిని పూలకుండీ కింద దాచి, ఆ సంగతి వీధిలో నలుగురికి మాత్రమే చెప్పింది.