తొలకరికి గుహవాసం

ఒక పెద్ద అడవిలో, పొద్దు వాలే వేళకు, ధవళ అనే కుందేలూ రంగయ్య అనే ముసలి ఊసరవెల్లీ ఒక మద్ది మొద్దు మీద పక్కపక్కన కూర్చునేవారు. ఇప్పుడు కూర్చోవడం లేదు.

ధవళ భర్త చిత్రకారుడు. ఆయన రాళ్ల మీద బొమ్మలు వేయలేదు. నాలుగేళ్లు ఓపిక పట్టి, రంగయ్య ఒంటికి ఒక కదిలే బొమ్మ నేర్పాడు. దాని పేరు 'తొలకరి'. మొదట తోక దగ్గర ఎండుగడ్డి రంగు కనిపించేది. తర్వాత పొట్ట మీద మబ్బు కమ్మేది. నీలపు చినుకులు రాలేవి. మెడ వరకు పచ్చదనం పాకేది. చిట్టచివర ఒక తెల్లని చుక్క వీపు మీద అడ్డంగా పరుగెత్తి మాయమయ్యేది. వానకు తడవకుండా ఇంటికి పరుగెత్తే ఆ చుక్క ఆయనే. ఆయన పోయాక ధవళకు మిగిలింది ఆ చుక్క ఒక్కటే.

ఈ సంగతి అడవి కళా సంరక్షణ సంస్థకు తెలిసింది. అధ్యక్ష పదవిలో ఉన్న ఏనుగు, కార్యదర్శి నక్క, నిపుణత గల కొంగ కలిసి విచ్చేశాయి.

"ఇది రోజుకు ఎన్నిసార్లు ఆడుతుంది?" అని కొంగ అడిగింది.

"ఒక్కసారేనండి. వదిన అడిగితే రెండోసారి," అన్నాడు రంగయ్య.

కొంగ కళ్లు మూసుకుని లెక్క కట్టింది. "అంటే ఇప్పటికి వెయ్యిసార్లకు పైగా అరిగింది."

"నేనేమీ అరగలేదండి. తోక కాస్త పట్టేసింది, అంతే."

"మీ గురించి కాదు, కళాఖండం గురించి," అంది నక్క మర్యాదగా.

ఏనుగు గొంతు సవరించుకుంది. "ఇంత అమూల్యమైనదాన్ని ఎండకూ గాలికీ వదిలేస్తారా? కొండ గుహలో భద్రపరుస్తాం. అక్కడ వెలుతురు ఉండదు, గాలి ఉండదు. ప్రదర్శన అసలే ఉండదు."

"రోజూ ఆడకపోతే ఇతను మరిచిపోతాడండి," అంది ధవళ. "నేను పక్కన కూర్చుని తప్పులు చెబుతుంటాను. ఇన్నాళ్లూ అలాగే నిలిచింది."

కొంగ నిబంధనల పట్టిక తీసి చూసింది. "నష్టం మూడు రకాలమ్మా. పగులు, బూజు, చెద. మరుపు ఇందులో లేదు."

"రాయడం మరిచిపోయి ఉంటారు," అన్నాడు రంగయ్య.

"మీరు ఊరుకోండి మరిదిగారూ. తీసుకుపోయేది మిమ్మల్నే."

నలభై ఒకటో వస్తువు అని రాసిన ఆకును తోకకు కట్టి రంగయ్యను గుహలోకి తీసుకుపోయారు.

చూడటానికి అనుమతి కోరుతూ ధవళ దరఖాస్తు పెట్టుకుంది. కారణం అన్నచోట 'చూడాలనిపించింది' అని రాసింది. నక్క దాన్ని తిప్పి ఇచ్చింది.

"పరిశోధన అయితే సరే, తనిఖీ అయితే సరే. చూడాలనిపించడం కారణం కాదమ్మా."

"చూడటానికే కదండీ ఆయన చేసింది?"

"చేసినప్పుడు చూడటానికే. ఇప్పుడది భద్రపరచినది."

కొంగ నెలకొకసారి గుహలోకి వెళ్లి, చీకట్లో ముక్కుతో తడిమి, పగులు లేదు, బూజు లేదు, చెద లేదు అని రాసుకుని వచ్చేది. చూడవలసిన అవసరం దానికి ఎన్నడూ కలగలేదు.

ఏడాది తర్వాత పొరుగు అడవి పెద్దలు అతిథులుగా వచ్చారు. సంస్థ ఘనతను చాటాలని ఏనుగు రంగయ్యను బయటికి తెప్పించి, రాతి తిన్నె మీద కూర్చోబెట్టింది. ఉపన్యాసం ముగించి, "ఇక ప్రారంభించవచ్చు," అంది.

ఏడాదిపాటు బండ మీద కూర్చున్న ఊసరవెల్లికి బండ రంగు రావడం జాతి ధర్మం. రంగయ్య ఊపిరి బిగబట్టి ప్రయత్నించాడు. తోకా బండ రంగే, పొట్టా బండ రంగే.

"వాన ఎప్పుడొస్తుంది?" అని ఒక ఎలుగుబంటి అడిగింది.

నక్క తడుముకోలేదు. "ఇది వానకు చాలా ముందు భాగం. నింపాదిగా ఆస్వాదించాలి."

అతిథులు నింపాదిగా ఆస్వాదించారు. బండ రంగులో ఇంత గాంభీర్యం ఉందని తామెరగమని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఎలుగుబంటి మాత్రం, "మా అడవిలో ఇలాంటివి కొండ నిండా ఉన్నాయి. వాటికి ఎవరూ కాపలా ఉండరు," అంది. ఏనుగు చెవులు వాల్చి అందరినీ విందుకు తీసుకుపోయింది.

అతిథుల వెనక నిలబడి ఉన్న ధవళ తిన్నె ఎక్కింది.

"పోయింది వదినా," అన్నాడు రంగయ్య. "ఏదీ రావడం లేదు."

"తోక దగ్గర మొదలుపెట్టండి. ఎండుగడ్డి. మేం కూడా ముట్టనంత ఎండింది."

చాలాసేపటికి తోక కొస గోధుమ రంగుకు తిరిగింది. మబ్బు వచ్చింది. రెండు చినుకులు పడ్డాయి.

"ఒకటి కాలి మీద పడింది మరిదిగారూ."

"ఏడాదికి వచ్చిన వాన. ఎక్కడ పడాలో దానికి మాత్రం ఏం తెలుసు?"

ధవళ నవ్వింది. పచ్చదనం అతుకులు అతుకులుగా మెడ దాకా వెళ్లింది. తెల్లని చుక్క రాలేదు. రంగయ్య మరో రెండుసార్లు ప్రయత్నించాడు.

"ఎక్కడ మొదలవుతుందో గుర్తు లేదు వదినా."

ధవళ తన తెల్లని ముందుకాలిని అతని వీపు మీద ఆనించింది. "ఇక్కడ. ఇలా వెళ్లేవారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసేవారు." అవతలి అంచుదాకా తీసుకువెళ్లి, కాలు ఎత్తేసింది.

ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి చేశారు.

తర్వాత రంగయ్య తిన్నె అంచున వాలిన మిడతను పట్టుకున్నాడు. ధవళ రాతి సందులో మొలిచిన గరికను కొరికింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నమలసాగారు.

విందు నుంచి తిరిగివచ్చిన కొంగ రంగయ్య ఒంటి మీది పచ్చని మరకలు చూసి, స్పర్శ వల్ల తీవ్ర నష్టం అని నమోదు చేసి, అతన్ని తిరిగి గుహలోకి పంపి, గుహ ద్వారం మీద అడవికంతటికీ నీతి చెక్కించింది: ఎవరూ చూడకుండా, ముట్టకుండా ఉంటే ఏ కళ అయినా కలకాలం బండలా నిలుస్తుంది.