ఆవిడ వచ్చేలోగా ఒక షెల్ఫు

మా ఆవిడ తిరిగొస్తోందన్న వారం నా కాలు ఒక చోట నిలిస్తే ఒట్టు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను. సర్దిన మంచాన్నే మళ్ళీ సర్దాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆవిడ వెళ్ళింది ఇంటర్న్‌షిప్‌కి. అది మీసాలు మొలవని పిల్లలు చేసే పనని మీరనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా అమ్మాయి కాలేజీ చదువు ముగియగానే "ఇక నా వంతు" అని తల్లి పుస్తకాలు పట్టింది. పాత భవనాలను బాగుచేసే కోర్సులో చేరి, వేసవి శిక్షణకి పరాయి దేశంలో ఒక వర్క్‌షాపుకి ఎంపికైంది. మొదటి రోజు ఆవిడ లోపలికి వెళ్ళగానే తోటి ఇంటర్న్‌లు మేనేజరు వచ్చిందనుకుని లేచి నిలబడ్డారట.

రోజూ వీడియో కాల్.

"ఇవాళ పరంజా ఎక్కానండీ. రేపు అద్దం కొయ్యడం నేర్పుతారట. మీరేం చేశారు?"

"బల్ల తుడిచాను."

"దేంతో?"

"చేత్తో."

భార్య అక్కడ ఉలీ సుత్తీ పట్టి ఉద్ధరిస్తుంటే, భర్త ఇక్కడ అరచేత్తో దుమ్ము తుడుస్తున్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ఆవిడ తన పనిముట్లు వెంట తెచ్చుకుంటోంది. వాటి కోసం హాల్లో ఒక షెల్ఫు నా చేతులతో బిగించి ఉంచితే, చూసి నోరు తెరిచేస్తుంది. ఇదీ నా పథకం.

డ్రిల్లింగ్ మిషన్ కోసం పక్కింటాయన దగ్గరికి వెళ్ళాను.

"ఎప్పుడైనా వాడారా?" అన్నాడాయన.

"వాడుతుంటే చూశాను."

ఆయన మిషన్ ఇచ్చి, తలుపు వేసుకుని, లోపలినుంచి గడియ కూడా పెట్టుకున్నాడు.

హాలుకీ వంటింటికీ మధ్య గోడని ఎంచుకున్నాను. "వంటింట్లో గాలాడదు, ఇక్కడో కిటికీ పెట్టించండి" అని ఆవిడ ఏళ్ళ తరబడి అడుగుతున్న గోడ అది. "గోడ బలం తగ్గిపోతుంది" అని నేను ఏళ్ళ తరబడి కాపాడుతున్న గోడ.

మిషన్ ఆనించి నొక్కాను. మొదట పొడి రాలింది. తర్వాత తడిపొడి రాలింది. ఆ తర్వాత గోడలోంచి నీళ్ళు చిమ్మి నా కళ్ళజోడుని తీసుకెళ్ళి సోఫాలో పడేశాయి. వెంటనే బొటనవేలు రంధ్రంలో దూర్చాను. వరద ఆగింది. ఒంటివేలితో వరదని ఆపినవాణ్ణని కాసేపు గర్వపడ్డాను. ఆ వేలు ఇక అక్కడినుంచి తీయడానికి లేదన్న సంగతి తర్వాత తట్టింది.

ఎడంచేత్తో జేబులోంచి ఫోను తీసి, ముక్కుతో నొక్కి, ప్లంబర్ని పిలిచాను. ఇతన్ని మా వీధంతా 'ఇంకొంచెం' అంటారు. ఏ పని చెప్పినా "ఇంకొంచెం ఉంది సార్" అనడం అతని అలవాటు. తెరిచున్న తలుపులోంచి వచ్చి నన్ను అటూ ఇటూ చూసి, బయటికి వెళ్ళి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"బయట వాల్వు కట్టేశాను సార్. వేలు తీయొచ్చు."

"నిజంగా కట్టావా?"

"మీ ఇష్టం సార్. బాగుందనుకుంటే ఉంచుకోండి."

వేలు తీశాను. "చూడవయ్యా, ఈ సంగతి అమ్మగారికి మాత్రం తెలియకూడదు" అన్నాను.

"నేనెందుకు చెబుతాను సార్" అని గోడ మీద సుత్తి వేశాడు.

అరచేయంత కన్నం చాలనుకున్నాను. పైపు తుప్పు పట్టింది, ఇంకొంచెం తీయాలన్నాడు. తీశాడు. అవతల వైపునుంచి కూడా ఇంకొంచెం తీయాలన్నాడు. మధ్యమధ్య ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళేవాడు. వచ్చి టేపు పెట్టి కొలిచేవాడు. మళ్ళీ కొట్టేవాడు. పైపుని పక్కనుంచి తిప్పి కొత్తది వేశాడు గానీ, అప్పటికి హాల్లో కూర్చుంటే వంటింట్లో పొయ్యి నిక్షేపంగా కనబడుతోంది.

"పైపు కోసం కొడితే అంచులు ఇంత తిన్నగా ఎందుకయ్యా?"

"పని శుభ్రంగా ఉండాలి కదా సార్."

"పూడ్చేదెప్పుడు?"

"సిమెంటు ఆరాలి సార్."

"నువ్వింకా సిమెంటే పెట్టలేదు."

"అదే సార్. పెట్టాక ఆరాలి."

ఆ కన్నానికి పూలదుప్పటి ఒకటి వేలాడగట్టాను. సాయంత్రం కాల్‌లో ఆవిడ అడగనే అడిగింది.

"వెనకాల ఆ దుప్పటేమిటి?"

"నీకు స్వాగతం."

"దుప్పటితోనా?"

"పూలున్నాయి కదా."

ఆవిడ పెదవి కొరుక్కుంది. ప్రయాణపు హడావిడి అనుకున్నాను.

విమానాశ్రయంలో దూరంనుంచి చెయ్యి ఊపుతూ దాదాపు పరుగెత్తుకొచ్చింది. వెళ్ళినప్పటికన్నా వయసు తగ్గినట్టుంది. చేతులు గరుకెక్కాయి, వేళ్ళనిండా చిన్న చిన్న గాట్లు. బండి మీద దుప్పట్లు చుట్టిన పలకలాంటి పార్సిలొకటి ఉంది.

"జాగ్రత్త, వంచకండి. నా వేసవి అంతా ఇందులోనే ఉంది" అంది.

కారులో మాటలే మాటలు. "అక్కడ మా మేస్త్రమ్మ ఎవర్నీ మెచ్చుకోదండీ. ఆఖరి రోజు నా పని మీద బొటనవేలితో ఇలా రాసి చూసి, తలూపింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది." చెబుతూ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ ఆనందంలో గోడ సంగతి మరిచేపోయాను.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి దుప్పటి లాగేసింది.

వంటింట్లో పని మీద నేనే వదిలివెళ్ళిన 'ఇంకొంచెం' ముఖం కన్నంలోంచి కనబడింది. "నమస్తే అమ్మగారూ. మీరు చెప్పిన కొలతకి గీతంత కూడా తేడా లేదు."

నేను అతని వైపు చూశాను. "చెప్పొద్దన్నాను కదయ్యా."

"మీరు చెప్పొద్దనేసరికే చెప్పేశాను సార్. వాల్వు ఎక్కడుందో నాకు తెలీదు, ఆవిణ్ణే అడిగాను."

పార్సిలు విప్పారు. రంగు అద్దాల పాత కిటికీ. పాడుపడ్డ ఇంటిలోంచి వచ్చిందాన్ని ఆవిడే విప్పి, కొయ్య మార్చి, అద్దాలు అతికి బాగుచేసిందట. వర్క్‌షాపు వాళ్ళు ఆవిడకే కానుకగా ఇచ్చారు. ఆవిడా అతనూ ఎత్తి ఆ కన్నంలో పెడితే చక్కగా కూర్చుంది. వంటింటి వెలుగు హాలు నేల మీద ఎర్రగా, పచ్చగా పరుచుకుంది. ఆవిడ చూస్తూ నిలబడిపోయింది. గోడ బలం గురించి నేనొక్క మాటా అనలేదు.

"సోమవారం నుంచి నాకు ఉద్యోగమండీ" అంది మెల్లగా. "మన పాత గ్రంథాలయం బాగుచేస్తున్నారు. పొద్దున్నే వెళితే సాయంత్రానికి వస్తాను."

"మరి వంట?"

ఆవిడ నా భుజాలు పట్టి వంటింట్లోకి నడిపించి, తాను హాల్లో కుర్చీ వేసుకుని, కిటికీ రెక్క తెరిచింది.

"గాలాడుతోందా?"

"ఆడుతోంది."

"వెలుతురు?"

"బాగానే ఉంది."

"నేనంటే ఏదోలా నెట్టుకొచ్చాను. మీరు ఉక్కపోతకి తట్టుకోలేరు కదా" అంది. "ముందు టీ పెట్టండి, ముగ్గురికీ."

నేను గిన్నె కోసం అటూ ఇటూ చూశాను.

"ఎడమవైపు, కింది అరలో" అని కిటికీలోంచి వినబడింది.