అండమాన్ రేటు

ఇడ్లీలు ఆవిరి మీద ఉండగా బడ్జెట్ ప్రవేశపెట్టి, చట్నీ అయిపోయేలోగా చర్చ ముగించి, మధ్యాహ్నానికల్లా విమానం టికెట్టు కొనాలన్నది ఆ ఆదివారం ఉదయం భవ్య ప్రణాళిక. అద్దంకి దగ్గరి ఆ మిరప పల్లెలో పుట్టి, అండమాన్‌లోని ఒక డైవింగ్ స్కూల్లో లెక్కలు చూసే ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి ఆమె. పెళ్ళికాని పిల్ల దీవిలో ఒంటరిగా ఏం పెట్టి బతుకుతుందన్నది నెల రోజులుగా ప్రతిపక్షం అడుగుతున్న ప్రశ్న. ప్రతిపక్షమంటే తల్లీ తండ్రీ.

"నేనిది పర్మిషన్ కోసం చదవట్లేదు నాన్నా. మీకు తెలియాలని చదువుతున్నా," అని భవ్య ఉపోద్ఘాతంలోనే తేల్చేసింది.

"చదువు. మేమూ ఒప్పుకోడానికి వినట్లేదులే," అంది తల్లి వెంకటరావమ్మ.

ఆ బడ్జెట్ వెనుక ఒక రాజనీతి ఉంది. తక్కువ వేశావన్న విమర్శకు తావివ్వకూడదని భవ్య ప్రతి పద్దునూ ఉదారంగా పెంచి రాసింది. గది అద్దెను రెట్టింపు చేసింది. కొబ్బరిబోండాలు విరగకాసే నేల మీద బోండానికి కరువు ధర కట్టింది. ఇంత దుబారాలోనూ జీతం మిగులుతుందని నిరూపిస్తే ఎదురు మాట ఉండదని ఆమె వ్యూహం.

తండ్రి యలమంద అద్దె దగ్గర ఆవలించాడు. ఓడ ఛార్జీల దగ్గర కళ్ళు మూశాడు.

"ఎండుమిర్చి, కిలో ఎనిమిది వందలు."

కళ్ళు తెరుచుకున్నాయి. "ఎంతా?"

రేటు వచ్చినప్పుడు అమ్ముదామని ఆయన దాచిన మిరపకాయలు రెండేళ్ళుగా మార్టూరు కోల్డ్ స్టోరేజీలో తపస్సు చేస్తున్నాయి. గుంటూరు యార్డు మాత్రం ప్రత్యక్షమై నూటముప్పైకి మించి వరమిచ్చింది లేదు.

"ఎనిమిది వందలు," అని భవ్య గొణిగింది. అది ఊహించి వేసిన అంకె అని ఒప్పుకుంటే తక్కిన అంకెలన్నీ దాని వెంటే కూలిపోతాయి.

"ఇంత విషయం కడుపులో పెట్టుకుని అద్దెలూ ఓడలూ అంటావేంటే," అంటూ యలమంద చొక్కా తగిలించుకుని బయటపడ్డాడు.

ఆ ధర టీ కొట్టు చేరేసరికి తొమ్మిది వందలైంది. బస్టాపు దాటేసరికి వెయ్యి. కాసేపటికి పక్కింటి బుల్లయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమ్మాయ్, మంచి కాయలకేనా ఆ రేటు, తాలుకాయలక్కూడానా?"

"బాబాయ్, నేను వెళ్ళేది ఉద్యోగానికి."

"వద్దన్నదెవరే. ఆదివారం సెలవేగా, ఆ పూట మన సరుకు చూసుకో."

మధ్యాహ్నానికి ఊరి రైతులంతా నమూనా పొట్లాలు పట్టుకుని వాకిట్లో బారులు తీరారు. భవ్య పెట్టెలోని బట్టలు మంచం మీదికి బహిష్కృతమయ్యాయి, వాటి సింహాసనం కాయలకు దక్కింది. "బట్టలు అక్కడా దొరుకుతాయిలే," అంది వెంకటరావమ్మ, పొట్లాలు సర్దుతూ. నిన్నటిదాకా ఒంటరిగా ఎలా పోతావన్న ఇల్లు ఇవాళ ఆమెను ఒంటరిగా పోనిచ్చేలా లేదు. యలమంద వెంట వెళ్తానన్నాడు, యలమందకు తోడు బుల్లయ్య. బడ్జెట్‌లో గది అద్దె కొట్టేసి, ఎవరో పెద్ద అక్షరాలతో గోడౌన్ అద్దె అని రాశారు.

సాయంత్రం యలమంద కోల్డ్ స్టోరేజీకి ఫోను చేశాడు. "రేప్పొద్దున్నే నా టిక్కీలన్నీ బయటికి తీయించండి. లారీ వస్తంది. ఓడెక్కించాలి."

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. చలి గదిలోంచి బయటపడ్డ కాయ కొద్ది రోజులకే రంగు దిగుతుంది. రెండేళ్ళ తపస్సు తన ఒక్క అంకెకు భగ్నం కాబోతోందని భవ్యకు అర్థమైంది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"లారీ వద్దని చెప్పు నాన్నా. ఆ ఎనిమిది వందలు నేను వేసిన అంకె. అక్కడి రేటు నాకు తెలీదు. తక్కువ రాశావంటారని అన్నీ పెంచి రాశాను."

యలమంద ఫోను చెవి దగ్గరి నుంచి దించాడు.

"అన్నీనా?" అంది వెంకటరావమ్మ.

"అన్నీ. అద్దె అందులో సగమే. జీతం ఇంకా ఎక్కువ మిగుల్తుంది. నేను ఒక్కదాన్నే వెళ్తా, పెట్టెలో నా బట్టలే పెట్టుకుంటా. మీ కాయలు మీరు తీసుకెళ్ళండి."

"ఊరందరికీ ఆశపెట్టి ఇప్పుడా చెప్పేది," అని బుల్లయ్య లేచాడు. అంతలో యలమంద ఫోను మోగింది. గుంటూరు వ్యాపారి హయాత్.

"యలమంద గారూ, మీ ఊరి సరుకంతా దీవులకి పోతందంట గదా. తొందరపడబాకండి. యార్డు రేటు మీద కిలోకి ముప్పై ఎక్కువిస్తా. మీ ఊరోళ్ళందరికీ అదే రేటు."

యలమంద వాకిలి వంక చూశాడు, కూతురి వంక చూశాడు. లేచిన బుల్లయ్య మళ్ళీ కూర్చున్నాడు.

"మా అమ్మాయి అక్కడికే వెళ్తందండి," అన్నాడు యలమంద. అందులో అబద్ధమేమీ లేదు.

"నలభై," అన్నాడు హయాత్.

ఫోను పెట్టేసేసరికి వెంకటరావమ్మ కాయలు కుమ్మరించి, పెట్టెలో బట్టలు మడతపెడుతోంది. "టికెట్టు ఇప్పుడే కొను. డబ్బులు చేతికొచ్చేలోగా నువ్వు ఊళ్ళో కనబడితే రేటు పడిపోద్ది."

"మీ రేటు కోసం వెళ్ళట్లేదమ్మా. నా ఉద్యోగం కోసం వెళ్తున్నా."

"దేనికోసమైతే ఏంటి. వెళ్ళు."

భవ్య దీవి చేరి నెల దాటింది. అక్కడ ఎండుమిర్చి ధరెంతో ఊళ్ళో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.