ఏ ఎక్కంలోనూ పోని నంబరు

పాఠక మహాశయులారా, మీ దరఖాస్తుకు నంబరుగా పెద్ద ప్రధాన సంఖ్య వచ్చిందా? అయితే అది మీ పూర్వజన్మ సుకృతం!

మా ఇంటికి ఆ అదృష్టం ఏడు నెలల కిందట పట్టింది. మా ఆవిడ లెక్కల టీచరు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి, బోర్డు మీద తను రాసిన అంకెలు తనకే కనబడటం లేదు. ఆపరేషన్‌కు పై ఆఫీసు అనుమతి కావాలి. దరఖాస్తు పెడితే 7919 అని నంబరు వేసిచ్చారు. ఆవిడ కళ్లు మూసుకుని, రెండు మొదలు ఎనభై మూడు దాకా ఇరవై మూడు ప్రధాన సంఖ్యలతో నోటిలెక్కతోనే భాగించి చూసింది.

"ఏ ఎక్కంలోనూ పోదండీ. ఒకటితో పోవాలి, లేదా దానితో అదే పోవాలి," అంది మురిసిపోతూ.

నా నోరు ఊరుకుంటుందా? ఆ ముక్క తీసుకెళ్లి గుమాస్తా చెవిన వేశాను.

"ప్రధాన సంఖ్యా? ముందే చెప్పొద్దూ? ప్రధానమైతే ప్రధాన కార్యాలయానికే వెళ్లాలి," అని ఆయన ఎర్ర సిరాతో రాసి పంపేశాడు. ప్రధాన కార్యాలయం నాలుగు నెలలు ఆలోచించి, 'ఇందులో ప్రధానమేమీ లేదు' అని తిప్పికొట్టింది.

వాళ్లకు లెక్కలు రావని నవ్వకండి. ఫైలు ఏ బల్ల మీద పెట్టినా "ఇది నా భాగం కాదండీ" అంటున్నారు. సూపరింటెండెంటు భాగం కాదు, ఆయన పైఆయన భాగం అసలే కాదు. గణితాన్ని ఇంత నిష్ఠగా పాటించే మహానుభావులు ఏ యూనివర్సిటీలో దొరుకుతారు? ఎక్కడో కోట్ల అంకెల ప్రధాన సంఖ్య కోసం కంప్యూటర్లు ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాయట. నాలుగంకెలతో ఏడు నెలలు నెట్టుకొచ్చే తెలివి వాటికేది? ప్రతి బల్ల దగ్గరా చివరికి శేషంగా మిగిలేది మాత్రం నేనే.

ఇంత భాగ్యం పట్టినా మా ఆవిడకు తృప్తి లేదు. నిన్న రసీదు ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. అంకె ఆనలేదు. నాకిచ్చింది.

"చివరిది తొమ్మిదేనా? ఎనిమిదేమో సరిగ్గా చూడండి. ఎనిమిదైతే రెండో ఎక్కంలోనైనా పోతుంది."

తొమ్మిదే. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషి ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"ఎనిమిదే," అన్నాను.