ప్లానుగారు మల్లెపొదకు పెట్టిన పొగ

ఊరందరి ఇళ్లకూ ప్లాన్లు గీసే మనిషికి సొంత ఇంట్లో కాగితం పరుచుకునే చోటు లేదు. వీధిలో అందరూ ఆయన్ని ప్లానుగారనే పిలుస్తారు. ఆయన గీసేది అన్నం తినే బల్ల మీద. భోజనం వేళకు ఇల్లాలు కంచాలు పట్టుకుని వచ్చి నిలబడుతుంది. ఆయన ఎవరి పడకగదినో సగంలో చుట్టేసి చంకన పెట్టుకుంటారు. ఒకసారి ప్లాను మీద కూర చుక్క పడితే, మేస్త్రీ దాన్ని బావి అనుకుని తవ్వడానికి కూలీలను పిలిచాడు.

అప్పటినుంచి ప్లానుగారిది ఒకటే కోరిక. ఇంటి ముందు, వీధిగోడకూ వంటింటి కిటికీకీ మధ్య ఒక చిన్న గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, గడియ ఉన్న తలుపు. ముఖ్యంగా గడియ.

ఆ చోట మల్లెపొద ఉంది.

ఇల్లు ఇద్దరిదీ. పొద మాత్రం ఆవిడది. కిటికీలోంచి దాన్ని చూస్తూనే వంట చేస్తుంది. దాని జోలికి వెళతానంటే ఆ పూట కూరలో ఉప్పు ఉండదు.

ఆ చలికాలం పొద మరీ చిక్కిపోయింది. ఆకులు ముదిరి, దుమ్ము పట్టి, ఇస్త్రీ లేని చొక్కాలా వేలాడుతోంది. ఇదే అదననుకున్నారు ప్లానుగారు.

“ఏమోయ్, ఇది ఇక బతకదు.”

“చలికి ముడుచుకుంది. మీరు దుప్పట్లో ముడుచుకోవడం లేదూ?”

“నేను పొద్దున్నే లేస్తానుగా.”

“అదీ లేస్తుంది. పైగా దాన్ని మీలా మూడుసార్లు లేపక్కర్లేదు.”

మాటామాటా పెరిగి చివరికి పందెం దాకా వచ్చింది. చలి పోయేలోపు పొద చిగురిస్తే ప్లానుగారు జన్మలో గది ఊసెత్తకూడదు. చిగురించకపోతే దాన్ని పీకేసి పునాది తీసుకోవచ్చు. ఆవిడ వెంటనే సరేనంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ విషయానికీ అంత తొందరగా సరే అనని మనిషి ఇప్పుడెందుకు అందా అని ఆయన ఆలోచించి ఉండాల్సింది. గెలవబోయేవాడికి ఆలోచన దండగ.

మర్నాటి నుంచి మొక్కలకు నీళ్లు పోసే పని తనదేనని ప్రకటించారు. చన్నీళ్లు నీకు పడవు, జలుబు చేస్తుంది అన్నారు. ఇంతకాలం లేని ప్రేమ ఇప్పుడెక్కడిదని ఆవిడ అడగలేదు. ఆయన మిగతా మొక్కలన్నిటికీ నీళ్లు పోసి, మల్లెపొద దగ్గరికొచ్చేసరికి ఖాళీ క్యాను వంచి, నోటితో సన్నగా నీళ్ల చప్పుడు చేసేవారు.

అలాగని ఆయన పాపభీతి లేని మనిషి కాదు. రోజూ దీపం పెట్టి దండం పెట్టుకుంటూ విన్నవించుకునేవారు. ‘నేను దాన్ని చంపడం లేదు స్వామీ. నీళ్లు పోయడం లేదు, అంతే. రెండూ ఒకటేనంటావా?’ దేవుడు ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని లెక్క వేసుకోవడం భక్తులకు అలవాటే.

పొద వాడిందే గాని చావలేదు. ఆకులుంటే ఎండనైనా తిని బతుకుతుందని ఎక్కడో విన్నారాయన. ఆవిడ బజారుకు వెళ్లిన పూట కూర్చుని కొమ్మకొమ్మకూ ఆకులు దూసేశారు. ఆవిడ తిరిగొచ్చి చూసి, సంచీ కింద పెట్టి, ఆకులేవని అడిగింది.

“రాలిపోయాయి. చలికాలం కదా.”

“గులాబీకి రాలలేదే.”

“ఒక్కొక్కరి ఒంటితత్వం ఒక్కొక్కటి.”

నిజమేనంటూ ఆవిడ చీపురు తెచ్చి ఆకులన్నీ ఊడ్చేసింది. మర్నాడు వరండాలో కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర కనబడింది. కొత్తగా సాన పట్టినట్టు మెరుస్తోంది. వెతకబోయిన కత్తెర కాలికి తగలడం కన్నా దైవసహాయం ఏముంటుంది? ప్లానుగారు కళ్లకద్దుకుని మరీ తీసుకున్నారు. సాయంత్రానికి పొద మోకాలెత్తు మోడై నిలబడింది. ఎండు కొసలు చూడలేక తీసేశానని చెబితే, మంచి పని చేశారంది ఆవిడ.

ఇక వేళ్లు మిగిలాయి. పునాదికి మట్టి ఎలా ఉందో చూడాలన్న వంకతో గునపం పట్టి పొద చుట్టూ తవ్వారు. పెన్సిలు తప్ప బరువెత్తని చెయ్యి. రెండు పోట్లకు నడుం పట్టేసింది, నాలుగింటికి అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా వేళ్లు బయటపడి ఎండలో ఒణుకుతుంటే ఆయనకు తన గది తలుపు కిర్రుమన్నట్టే వినిపించింది. ఆవిడ నడుముకు వేడినీళ్ల కాపడం పెట్టింది. పెడుతూ, పెరట్లో ఎప్పటిదో చెత్తకుప్ప కుళ్లి నల్లబడిపోయింది, ఎక్కడ పారబోయాలో తెలియడం లేదని వాపోయింది.

ప్లానుగారి బుర్ర వెలిగింది. చచ్చినదాని మీద ఎంత చెత్త పోస్తే మాత్రమేం? మర్నాడు మూలుగుతూనే గంపలకొద్దీ మోసి, ఆ గోతిలో పోసి, మట్టి కప్పి, పైన కాలితో తొక్కారు. సమాధి కట్టినంత తృప్తి కలిగింది.

అప్పుడొచ్చింది ఆవిడ, చేతిలో బిందెతో.

“ఏమండీ, పోయే ప్రాణానికి ఎవరైనా గొంతులో నీళ్లు పోస్తారు. ఇన్నాళ్లు పెంచినదాన్ని. నన్ను కాసిని పోయనివ్వండి.”

ఆయన మనసు కరిగింది. గెలిచినవాడికి ఆపాటి దయ ఉండాలి. కాసిని ఏమిటి, నిండుగా పొయ్యమన్నారు. ఆవిడ నిండుగానే పోసింది. ఆ తర్వాత రోజూ, దుఃఖం తీరలేదంటూ, పోస్తూనే ఉంది.

చలి ఇంకా పూర్తిగా పోలేదు. తెల్లవారితే నోట్లోంచి పొగ వస్తూనే ఉంది. ప్లానుగారు ఒక ఉదయం టేపు పట్టుకుని గది కొలతలు తీసుకోవడానికి వెళ్లారు. టేపు ఒక కొస మోడుకు తగిలించబోయి ఆగిపోయారు. కణుపు మీద లేతాకుపచ్చగా ఏదో ఉంది. బియ్యపు గింజంత. పురుగేమో అనుకున్నారు. కళ్లజోడు తెచ్చి చూశారు. పక్క కణుపు మీద ఇంకొకటి. ఆ కింద జంటగా రెండు. ఏ పుల్ల చూసినా అవే. ఆకుపచ్చటి చిన్న చిన్న కళ్లు అన్నివైపుల నుంచీ ఆయన్నే చూస్తున్నట్టున్నాయి.

కిటికీ లోపల ఆవిడ కూరగాయలు తరుగుతోంది.

“లేచిందాండీ?” అంది తల ఎత్తకుండానే.

చలికాలంలో మల్లెకు చేయాల్సినవి అవేనట. నీళ్లు ఆపాలి, ఆకు దూయాలి, కొమ్మలు కొట్టాలి, వేళ్లకు ఎండ చూపించాలి, కుళ్లిన ఎరువు వేసి నీళ్లు పెట్టాలి. ఏటా ఒక తోటమాలి వచ్చి చేసిపోయేవాడు, ప్లానుగారు కాగితాల్లోంచి తలెత్తి చూస్తేగా. ఈ ఏడు కూతురింటికి వెళ్లి రాలేదు.

ప్లానుగారు కిటికీ ఊచలు పట్టుకున్నారు. “అంటే నీకు మొదటినుంచీ తెలుసా?”

“ఖాళీ క్యానుకు నీళ్ల చప్పుడు మీరు బాగానే చేస్తారు. గ్లాసులో పోసినట్టుంటుంది గాని, మట్టిలో పడ్డట్టుండదు.”

“నన్నే చెయ్యమని అడగొచ్చుగా.”

“అడిగితే చేసేవారా?”

దేవుడి సాక్షిగా ఆలోచించారు. చేసేవారు కాదు. నడుం నొప్పి అనేవారు. అప్పటికి లేని నొప్పి ఇప్పుడు నిజంగానే ఉంది. ఇది శిక్షా, లేక మొక్కల లోకంలో మంచికీ చెడుకూ లెక్కలు వేరా అని సందేహం కలిగింది. ఏదైతేనేం, పందెం పందెమే. గది ఊసెత్తనని ఒప్పుకుని టేపు చుట్టేశారు.

అంతటితో పోయేదే. గోడవతల నుంచి పక్కింటి నర్సమ్మగారు తొంగిచూశారు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, ఇంకా తెల్లకోటులోనే ఉన్నారు. చిగుళ్లు చూసి బుగ్గన వేలేసుకున్నారు. ఇన్నాళ్లూ రోజూ ఎండలో కూర్చుని ఆయన పడ్డ శ్రమంతా తన గదిలోంచి చూస్తూనే ఉన్నానన్నారు. తమ ఇంటివెనక మూడు పొదలు మోడుబారి ఉన్నాయన్నారు.

“అన్నయ్యగారూ, మీ చెయ్యి మంచిది. మావి కూడా కాస్త చూసిపెట్టరూ?”

నేను దాన్ని చంపబోయానమ్మా అని నిజం చెప్పేయొచ్చు. చెబితే రేపటినుంచి వీధిలో తలెత్తుకోలేరు. ప్లానుగారు ఒక్క క్షణం మోడును చూశారు, ఒక్క క్షణం ఆకాశాన్ని చూశారు. తర్వాత నెమ్మదిగా వంగి, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో గునపం అందుకున్నారు.

“అంత ఓపిక మీకెలా వచ్చిందండీ?” అన్నారు నర్సమ్మగారు.

“ఏముందమ్మా,” అన్నారు ప్లానుగారు గంభీరంగా. “మొక్క మీద ప్రేమ ఉంటే చాలు.”

వంటింట్లో ఏదో గిన్నె దబ్బున కింద పడింది. పడి, చాలాసేపు గింగిరాలు తిరిగింది. దాన్ని పట్టుకుని ఆపే స్థితిలో లోపల ఎవరూ ఉన్నట్టు లేదు.