జ్వరానికి పూర్తి హాజరు

మనిషి పనిలో ఉన్నాడనడానికి వేడిని మించిన సాక్ష్యం లేదని మాదాపూర్‌లోని ఒక అద్దాల మేడ యాజమాన్యం తీర్మానించింది. సంతకాలు అబద్ధమాడతాయి, వేలిముద్రలు అరిగిపోతాయి (ముఖ్యంగా బండలు తుడిచేవారివి). అందుకని యుద్ధవిమానాలను వెంటాడే క్షిపణిని ఆదర్శంగా తీసుకుని అంతస్తుకొకటి చొప్పున వేడిని పసిగట్టే కెమెరా బిగించారు.

ఉష్ణ హాజరు అధికారి పట్టాభిరామయ్య సిబ్బందికి బోధించారు.

"క్షిపణి ముక్కులో ఒక కన్ను ఉంటుందండి. దానికి విమానం రంగూ రూపమూ అక్కర్లేదు, ఇంజను వేడి చాలు. ఆ కన్నును బాగా చల్లబరిస్తేనే ఎదుటివాళ్ల వేడి తెలుస్తుందండి."

(అధికారుల గదుల్లో ఏసీ పదహారు దగ్గర ఉండటానికి కారణం అదే.)

మొదటి రోజే లాప్‌టాప్‌లకు హాజరు పడింది. వాటి ముందు స్వెటర్లు తొడుక్కుని కూర్చున్నవారికి పడలేదు. పనిలో తేడా ఏమీ కనిపించలేదు.

మూడో అంతస్తు ఊడ్చే సీతాబాయికి ఆ వారమే జ్వరం వచ్చింది. ఎలాగైనా లింగంపల్లి దవాఖానకు పోవాలని సూపర్‌వైజర్ ఎల్లేశం దగ్గరికి వెళ్లింది.

"ఒళ్లు కాలిపోతుంది తమ్మీ. జర సెలవియ్యి."

"ఏం మాట్లాడుతున్నవ్ అక్కా! కెమెరా తెర మీద నువ్వే ఎర్రగ మెరుస్తున్నవ్. బిల్డింగు మొత్తంల నీ అంత హాజరున్నోళ్లు లేరు. గిట్ల మెరిసెటోళ్లకు సెలవెట్లిస్తరు?"

ఆమె మెల్లగా వెళ్లి లిఫ్టు ఎక్కింది. కింద తలుపు తెరుచుకునేసరికి సెక్యూరిటీ గార్డు ఎదురుచూస్తున్నాడు. క్షిపణి విమానం ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి పోతుంది. ఆ పాఠం కూడా కెమెరాకు నేర్పారు.

ఆమెను వెనక్కి తెచ్చిన ఎల్లేశానికే చివరికి జాలేసింది.

"విమానాలు మండే ముక్కలు ఇడిచి తప్పించుకుంటయంట అక్కా. పెద్ద సారే చెప్పిండు. నీకాడ మండేదేముంది?"

"నా కడుపే ఉంది," అంది సీతాబాయి. తర్వాత ప్యాంట్రీలో మరుగుతున్న టీ గిన్నెను మూత తీసి తన చీపుర్ల తోపుడు బండిలో పెట్టింది. తెర మీద ఎర్ర చుక్క టీ మీదికి దూకింది. బండిని అక్కడే వదిలి ఆమె మెట్లు దిగి ఆటో ఎక్కింది.

మందులు పనిచేశాయి. ఆ మూడు రోజులూ ఆమె హాజరు ప్యాంట్రీ టీకే పడింది. నాలుగో రోజు తేలికపడ్డ ఒంటితో ఆమె పనిలోకి వచ్చింది. పట్టాభిరామయ్య ఆమెను పిలిపించి, వేడి ఇంత హఠాత్తుగా తగ్గడానికి సంజాయిషీ అడిగారు.

"గోలీలేసుకున్న సార్. నయమైంది."

కోలుకోవడం ఇదే మొదటిసారి గనుక, ఆయన ఈసారికి మందలించి వదిలేశారు.