మెంబరు భీమన్న సీసా నీళ్లు

ఆ రోజు పొద్దున మెంబరు భీమన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి బావి నీళ్లు ఒక సీసాలో పట్టుకోవాలి. హైదరాబాదు వెళ్లి, శాసనసభలో లేచి నిలబడి, ఆ సీసా చూపించి ఒక్క ప్రశ్న అడగాలి. ఇంటికి వచ్చేయాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నాడు. సంతోషం పట్టలేక కోడి కూయకముందే తలకు రుమాలు చుట్టేశాడు.

భీమన్నది పాన్‌గల్ గుట్టకు అవతలి రాళ్లచెల్క. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. పల్లెల తరఫున సభలో కూర్చోవడానికి ఒక రైతు కావాలని పైనుంచి అడిగితే, కింది కచేరీల్లోని అధికారులు బాగా వెతికి, ఎక్కువ మాట్లాడడన్న మంచి పేరు చూసి భీమన్నను పంపించారు. ఆయన ఆ పేరు నిలబెట్టాడు. ఇన్నాళ్లూ సభలో పక్కవాళ్లు చెయ్యెత్తితే తానూ ఎత్తాడు, వాళ్లు దించితే తానూ దించాడు. ఈసారి మాత్రం నోరు విప్పాల్సిందేనని తీర్మానించుకున్నాడు. అందుకు కారణం ఆయన భార్య అమృతమ్మ ఎడమ కాలు.

రాళ్లచెల్కకు ఉన్నది ఒక్కటే మెట్లబావి. అందరూ మెట్లు దిగి మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి కుండలు ముంచుతారు. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాలిమీద పొక్కు లేచి, దాంట్లోంచి తెల్లని దారంలాంటి నారు పురుగు తల బయటపెడుతుంది. గుంజితే తెగుతుంది, తెగితే కాలు చీము పడుతుంది. చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కాస్త చొప్పున ఓపికగా లాగాల్సిందే. అమృతమ్మకు ఇది మూడోసారి. చేను దున్నే వేళ ఆమె గడప దగ్గర కాలు చాపుకుని కూర్చుంటే భీమన్నకు అన్నం సయించడం లేదు. మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలకతో తోడుకునే చేదబావి చేస్తే ఈ పీడ పోతుందని దవాఖాన డాక్టరు చెప్పాడు. సర్కారు ఆ ఏడు కొన్ని ఊళ్లకు చేదబావులు కట్టించబోతోంది. అందులో రాళ్లచెల్క పేరు చిట్టచివర ఉంది. గట్టిగా అడిగితే నిలుస్తుంది, లేకపోతే జారిపోతుంది.

పట్నంలో తెలిసిన రామస్వామి వకీలు ఆ ప్రశ్నను ఉర్దూలో కూర్చి భీమన్నకు బట్టీ పట్టించాడు. "ఈ నీళ్లలో పురుగులున్నాయి హుజూర్, తమరు తాగుతారా?" అన్నది దాని అర్థం. భీమన్న పొలంలో ఆ వాక్యాన్ని ఎడ్లకు వినిపించి సాధన చేశాడు. ఎడ్లు మాత్రం తాగుతామన్నట్టే చూశాయి.

చీకటితోనే బావిలో దిగి తెల్లగాజు సీసా నింపుకొచ్చాడు భీమన్న. వెలుతురుకు పట్టి చూస్తే సన్నని నలుసులు హుషారుగా ఈదుతున్నాయి. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. సీసాను భార్య పక్కన పెట్టాడు.

"అమృతా, జర పైలంగ చూడు. పట్నంల పెద్దపెద్దోళ్లు చూసే నీళ్లు గివి," అని చెప్పి స్నానానికి పోయాడు.

పెద్దవాళ్లు చూసే నీళ్లు కదా అని అమృతమ్మ కూడా చూసింది. చూసి సిగ్గుతో చచ్చిపోయింది. పైఊరి చుట్టం వస్తే నాలుగు మడతల బట్టతో వడగట్టకుండా నీళ్లు ఇవ్వని ఇల్లది. ఇంట్లోవాళ్లు మాత్రం కుండలో ఎలా ఉంటే అలా తాగేవాళ్లనుకోండి, సొంతమనుషులకు మర్యాదలేమిటి?

"జములమ్మక్కా, జర ఇటు రా," అని పక్కింటామెను పిలిచింది. "గీ నీళ్లు గట్లనే పట్నం పోతే మన పరువు ఉంటదా?"

జములమ్మ సీసాలోకి చూసి ముక్కున వేలేసుకుంది. "రాళ్లచెల్క ఆడోళ్లకు నీళ్లు వడగట్టుడు తెల్వదంటరు. మొగోళ్లకు గివన్ని ఏమెరుక. నువ్వు కూసో, కాలు కదపకు. నేను కొత్త బట్ట తెస్త."

ఇద్దరూ కలిసి నీళ్లు వడగట్టారు, మురికి అడుక్కి దిగేలా చిల్లగింజ అరగదీసి కలిపి తేర్చారు, మళ్లీ వడగట్టారు. సీసాను బూడిదతో తోమి, నింపి, బిరడా బిగించి, పట్నం పోయే వస్తువు కాబట్టి ఎర్రగుడ్డ చుట్టి ముడి వేశారు. భీమన్న ఆ మూటను చూసి భార్య శ్రద్ధకు మురిసిపోయాడు.

వనపర్తి దాకా బండి, అక్కడినుంచి రైలు స్టేషనుకు బస్సు. పెట్రోలు దొరకని రోజులు కనుక బస్సు వెనక పెద్ద డ్రమ్ము కట్టి, అందులో బొగ్గులు కాల్చి, ఆ పొగతో నడిపేవారు. దిగుడులో అది గుర్రంలా పోయేది. ఎత్తు వస్తే ప్రయాణికులే దాన్ని నడిపేవారు. కొత్తకోట దాటాక ఎత్తు రానే వచ్చింది. మెంబరన్న బింకం లేకుండా భీమన్న కూడా దిగి భుజం పెట్టాడు. ముందు ఇంజను బుసబుసమని ఆవిరి కక్కుతుంటే డ్రైవరు ప్రభుదాసు నీళ్ల కోసం బస్సంతా గాలించాడు. సీటు మీద ఎర్రగుడ్డ మూట కనిపించింది. విప్పి, సీసాను ఇంజనులో వంచేసి, ఖాళీ సీసాను మళ్లీ గుడ్డలో చుట్టేశాడు.

ప్రభుదాసు మర్యాదస్తుడు. మెంబరు గారి సీసాను ఖాళీగా తిరిగివ్వడం అతని మనసుకు ఒప్పలేదు. స్టేషను చేరి భీమన్న టిక్కెట్టు కొనేలోపు స్టేషను మాస్టరు ఇంటికి పోయి, వాళ్లు తాగే తియ్యనీళ్లు అడిగి నింపి, గుడ్డకు అదే ముడి వేసి, సీసాను సీటు మీద పెట్టాడు. సంగతి చెబుదామనుకునేలోపు రైలు కూత వేసింది. భీమన్న మూటను చంటిపిల్లలా చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

సభలో తన పేరు పిలవగానే భీమన్న మూటతో సహా లేచి నిలబడ్డాడు. ఎన్నడూ లేవని మనిషి లేవడంతో అందరూ అటు తిరిగారు. ఒక చేత్తో గుడ్డ విప్పుతూనే ఆయన వాక్యం మొత్తం ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఉర్దూలో చెప్పేశాడు. "ఈ నీళ్లలో పురుగులున్నాయి హుజూర్, తమరు తాగుతారా?" పైన చూడవచ్చినవాళ్ల వరుసలో రామస్వామి వకీలు ఉప్పొంగిపోయాడు. అప్పుడు ఎర్రగుడ్డ పూర్తిగా జారింది. భీమన్న సీసాలోకి చూశాడు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి.

మంత్రిగారు భారీ మనిషి, పైగా మధ్యాహ్నం. సీసా తెప్పించుకుని, వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి సభ్యులందరికీ చూపించాడు. గ్లాసులో పోసుకుని తాగాడు. ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. రెండో గ్లాసు పోసుకున్నాడు.

ఇక ఆ సభలో బల్లల మీద కొట్టిన చప్పుడు బజారు దాకా వినిపించింది. భీమన్న ఏదో చెప్పాలని నోరు తెరిచాడు, కానీ ఆయనకు వచ్చిన సభ ఉర్దూ అంతా ఆ ఒక్క వాక్యంతోనే అయిపోయింది. తెలుగులో చెప్పింది కృతజ్ఞతలని అనుకుని సభ్యులు మళ్లీ బల్లలు కొట్టారు. రాళ్లచెల్క నీటిని మంత్రిగారు స్వయంగా పరీక్షించి శ్రేష్ఠమైనదని తేల్చినందున, ఆ ఊరికి చేదబావి అక్కర్లేదని సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కిన భీమన్నను చూసి ప్రభుదాసు ముఖం వెలిగిపోయింది. "మెంబరు సాబ్, మొన్న మీ సీసల నీళ్లే మా బండి పానం నిలబెట్టినయి."

భీమన్న సీటు అంచుకు జరిగాడు. "మరి సీస మళ్ల దేంతోని నింపినవ్?"

"టేషన్ మాస్టరు ఇంట్ల తాగే నీళ్లతోని. మీ అసుంటి పెద్దమనిషికి ఉత్త నీళ్లు పోసి ఇస్తనా?"

"ఆ ఉత్త నీళ్లే గదరా నాకు గావాల్సింది," అని భీమన్న తల పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి, గడప దగ్గరున్న భార్యతో జరిగిందంతా చెప్పి, ఆ డ్రైవరును చెడామడా తిట్టాడు. అమృతమ్మ న్యాయమైన మనిషి. ఒకరి మీద ఊరికే నింద వేస్తే ఊరుకోదు.

"డ్రైవర్ని ఎందుకు తిడ్తవ్? గాయన పారబోసినవి గూడ మంచి నీళ్లే. నేను రెండుమాట్ల వడగట్టి, చిల్లగింజ ఏసి పంపిన గద."

భీమన్న ఆమె పక్కన కూలబడ్డాడు. "గంత మంచిగ వడగట్టేదానివి, మనం తాగే నీళ్లు ఎందుకు వడగట్టవు?" అన్నాడు.

"మనం చుట్టాలమా?" అంది అమృతమ్మ.

ఊరికి రావాల్సిన చేదబావి పోయినందుకు ఆమె ఏడ్చింది. ఆమె ఏడుపు చూడలేక భీమన్న పశువుల కొట్టంలోకి పోయి కూర్చున్నాడు. కానీ ఏడవడానికి కూడా ఊరికి తీరిక దొరకలేదు. మంత్రిగారు రెండు గ్లాసులు తాగిన నీళ్లట అన్న వార్త రైలుకంటే ముందు జిల్లాలో దిగింది. అరుగుదలకు మంచిదని ఒకరు, రక్తశుద్ధి అని ఒకరు చెప్పుకున్నారు. ఎండలు ముదిరేసరికి జిల్లా అంతటికీ పెద్ద అధికారి అయిన తాలూకుదారు, బావుల ఇంజనీరును, తన కాగితాలు చూసే పేష్కారు నర్సింహులును వెంటబెట్టుకుని వచ్చి ఊరి బయట డేరాలు వేయించాడు. వనపర్తి నుంచి, గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి చిన్న అధికారులు ఇత్తడి బిందెలతో బండ్లు పంపించారు. మెట్లబావి దగ్గర తిరునాళ్లలా జనం.

భీమన్న ఉరుకుతూ పోయి బావి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. "దొరా, మీకు దండం పెడ్త. గివి తాగకున్రి. అండ్ల పురుగులున్నయి."

"మంత్రిగారు సభల లేవన్నరు, నువ్వు ఉన్నయంటున్నవు," అన్నాడు తాలూకుదారు. "నీ మెంబరుగిరి మీద నీకు ఆశ లేదా భీమన్నా?"

అమృతమ్మ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది, మరో చేతిలో వడగట్టే బట్ట. "జర ఆగున్రి దొరా. వడగట్టి ఇస్త. చుట్టాలకు గట్లనే ఇయ్యొద్దు."

"వడగడితే గుణం పోతది," అన్నాడు ఇంజనీరు. తాలూకుదారు దోసిలితో మూడుసార్లు తాగాడు. పైఅధికారి కంటే వెనకబడినట్టు కనిపించకూడదని ఇంజనీరు నాలుగుసార్లు తాగాడు. పేష్కారు నర్సింహులు ఒక్కడే, అమృతమ్మ అంతగా బతిమాలుతుంటే కాదనలేక, ఆమె వడగట్టి ఇచ్చిన చెంబెడు తాగాడు. వారం రోజులు అదే వరస. బండ్లు వస్తూ ఉన్నాయి, బిందెలు పోతూ ఉన్నాయి.

మరుసటి ఏడు ఎండలు మొదలయ్యాయి. ముందుగా తాలూకుదారు మడమకు పొక్కు లేచింది. ఆ వారంలోనే ఇంజనీరు పిక్కకు ఒకటి, మోకాలి కింద ఒకటి. తర్వాత మూడు ఊళ్ల కచేరీల్లో ఎవరి కాలు చూసినా చీపురుపుల్లే. కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకున్న దొరలే అంతటా. నర్సింహులు మాత్రం రెండు కాళ్లతో టకటకా నడుస్తూ ఒక గదినుంచి ఇంకో గదికి కాగితాలు మోస్తున్నాడు.

"నువ్వు అక్కడి నీళ్లు తాగలేదా?" అని తాలూకుదారు పళ్లు బిగించి అడిగాడు.

"తాగిన హుజూర్. ఆ అమ్మ వడగట్టి ఇచ్చింది తాగిన."

ఆ మాట రాళ్లచెల్కకు చేరిన రోజునుంచి అమృతమ్మ సొంతమనుషులను కూడా చుట్టాల్లాగే చూడసాగింది. అటు ఇంజనీరు రెండు కర్రల మీద దిగబడ్డాడు. పలుగూ పారా పట్టిన కూలీలను చూసి, "జల్ది కానియ్యున్రి," అని అరిచినప్పుడల్లా కాలు కదిలి మూలిగేవాడు. చేదబావికి ఉత్తర్వు వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వానలు పడకముందే మెట్లు పూడ్చి, గోడ లేపి, గిలక బిగించారు. మొదటి చేద అమృతమ్మే తోడింది. రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఆమె తాడు లాగుతుంటే భీమన్నకు కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని కూడా ఆయన తుడుచుకోలేదు.

తర్వాతి సభలో, ఎవరూ అడగకుండానే సర్కారు తనంత తానుగా రాళ్లచెల్కకు చేదబావి కట్టించిందని మంత్రిగారు ప్రకటించాడు. అందరూ చెయ్యెత్తారు. భీమన్నా ఎత్తాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి పక్క ఊరి వెంకటన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "అన్నా, మా బావి సంగతి గూడ నువ్వే చూడాలె."

"వచ్చే సభల అడుగుత తమ్మీ," అన్నాడు భీమన్న హుషారుగా.

"నీ కాళ్లు మొక్కుత, సభల మాత్రం అడగకు. ఆ తాలూకుదారును ఒక్కపూట మా ఊరికి బువ్వకు తోల్కరా, చాలు."

అధికారులు డేరాలు వేసే దారుల్లో ఉన్న ఊళ్లన్నింటికీ ఆ ఏడే చేదబావులు వచ్చేశాయి. మిగతా ఊళ్లవాళ్లు ఆ తర్వాత చాలాకాలం అధికారులను భోజనానికి పిలుస్తూనే ఉన్నారు.